వంశావళులు – దైవమూలములు

మనుష్యుడు తన తాతను గూర్చి చెప్పునపుడు చాలవరకు సత్యమే చెప్పును. ముత్తాతను గూర్చి చెప్పునపుడు కొంత కల్పించును. అంతకు మీదివారిని గూర్చి చెప్పవలసివచ్చినపుడు దేవతల జోలికి బోవును. రాజులును మనుష్యులే కనుక వారి వంశావళులును ఇట్లే పెరిగినవి. ఫలానా వంశము సూర్యునివలన గలిగినదని శాసనకవి వ్రాసినపుడు, అది అసత్యమని త్రోసివేయుట సులభము. ఆ అసత్యము ఎవరికి, ఎందులకు గావలసివచ్చెనని విచారించుట కష్టము. మనకు ప్రయోజనకరమైనది ఆ రెండవ పనియే.

ఈ యాచారము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులో దిగిన హెంగిస్టు, హోర్సా యను నాయకులు వోడెన్ దేవుని సంతతివారని బీడ్ అను క్రైస్తవ సన్న్యాసి 731లో ముగించిన తన చరిత్రయందు వ్రాసియున్నాడు. మతము మారిన పిదప ఆ రాజులు వోడెనును విడిచిపెట్టిరా? లేదు. ఆయనకు మీద నోవాను, ఆదామును చేర్చి వంశవృక్షమును మఱింత పొడిగించిరి. దేవుడు మారినను అవసరము మారలేదు. ఐస్లాండు పండితుడు స్నోరి స్టర్లుసన్ స్వీడను, నార్వే రాజుల వంశమును ఓడిన్, న్యోర్డ్, ఫ్రేల యొద్దనుండియే యారంభించెను. కాని ఓడిన్ ఆసియానుండి వచ్చిన యొక నాయకుడే యనియు, జనులు పిదప నాతనిని దేవునిగా గొలిచిరనియు వ్రాసెను. దేవునినుండి రాజు పుట్టెనని లోకము చెప్పుచుండగా, రాజునుండి దేవుడు పుట్టెనని యాతడు సూచించెను.

స్నోరి మరణించినది 1241లో. ఆ కాలముననే మన యోరుగల్లున గణపతిదేవ చక్రవర్తి పాలించుచుండెను. 1244–45 నాటి మోటుపల్లి శాసనము ఇక్ష్వాకు భగీరథ రఘు దశరథ రాములను పేర్కొని, వారి వెనుక దుర్జయుని, ఆ వెనుక కాకతీయులను నిలిపినది. 1261 నాటి మల్కాపుర శాసనమును సూర్యవంశమునే చెప్పుచున్నది. అయినను గణపతిదేవుని సేనాని యగు మల్యాల గుండన శాసనములు కాకతీయులను చతుర్థకులజులనియే పేర్కొనుచున్నవి. తన ప్రభువు నట్లు చెప్పుట ఆ సేనానికి అవమానముగా దోచలేదు.

ఇక మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువుకట్టకు బోదము. ఆ చెఱువును త్రవ్వించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆమె శాసనములోని పేర్ల వరుస దుర్జయకులజుడగు వెన్ననితో మొదలై, గుండరాజుల మీదుగా, ఎఱ్ఱని మీదుగా బేతరాజునకు, ప్రోలరాజునకు వచ్చును. 956 నాటి మాగల్లు శాసనమునందును గుండియ, ఎఱియ, బేతియ యను పేర్లే కలవు. గుండడు, ఎఱ్ఱడు! పల్లెలో పిలిచిన పలుకు పేర్లు. వీనిని దాచవలసిన యవసరము ఆ రాజపుత్రికకు గలుగలేదు.

మోటుపల్లి శాసనమున మనము గౌరవింపవలసిన దేది? గాలివానకు గొట్టుకొనివచ్చి తీరమున జేరిన యోడలలోని సరకునంతయు పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండగా, గణపతిదేవుడు నిర్ణీతమైన సుంకము మాత్రమే గొని తక్కినది వర్తకులకే విడిచెదనని యభయ మిచ్చెను. రఘుదశరథుల పేర్లను ఆ రాతినుండి చెక్కివేసినను ఆ యభయమునకు లోపము రాదు. అభయమును చెక్కివేసి పేర్లను మాత్రము మిగిల్చినచో మనకు దక్కున దేమి?

అలంకారమువలన హాని యేమని కొంద ఱడుగుదురు. హాని కలదు. రాజు గుణము సూర్యునినుండి వచ్చినదన్నచో, అట్టి మూలము లేనివానికి గుణ మెక్కడిదను ప్రశ్న దాని వెంటనే వచ్చును. పొగడ్త సింహాసనమును చేరును. నింద గుడిసెను చేరును. దీనికి మనవారు చమత్కారముగా బదులుచెప్పక పోలేదు. 1368 నాటి అక్కలపూడి శాసనము చతుర్థకులము విష్ణుపాదమున బుట్టినదని యొప్పుకొని, అదే పాదమున గంగయు బుట్టినది గావున ఆ కులమే తక్కినవానికంటె పవిత్రమని వాదించినది. సమాధానము చక్కనిదే. కాని అదియు కొలతబద్దను మార్చలేదు. తలక్రిందులుగా బట్టినది, అంతియే. పుట్టుకయే యోగ్యత యను మాట అట్లే నిలిచినది.

నేడును ఒక్కొక్క కులమువారు తమకొక రాజును మూలపురుషునిగా వెదకికొనుచున్నారు. వారిని జూచి నవ్వరాదు. తరతరములు తలవంచి నిలువవలసివచ్చినవాడు కిరీటమును గలగనుటలో వింత లేదు. తప్పు వానిది కాదు; కిరీటము లేని తాతకు గౌరవ మియ్యని మనది. భూపాలపల్లి జిల్లా గణపురము కోటగుళ్లయొద్ద మా విద్యార్థి యొకడు, "సారూ, రాజుల తాతల పేర్లు రాళ్ల మీద ఉన్నయి గదా, ఈ రాళ్లు మోసినోళ్ల పేర్లు ఏడున్నయి?" అని యడిగెను. మోసినవారు రాజవంశీయులేయని చెప్పి వానిని సంతోషపెట్టవచ్చును. అది మఱియొక కల్పన యగును. వారు మోసిరి కనుకనే గుడి లేచినదని చెప్పుట సత్యము. ఆ బాలునకు గావలసిన గౌరవమును అందే యున్నది.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. జనగామ జిల్లా పాలకుర్తివాడగు సోమనాథుడు బసవపురాణమున బోయయగు కన్నప్పను, చాకలియగు మడివాలు మాచయ్యను పూజ్యులుగా నిలిపెను. వారి వృత్తిని దాచలేదు. వారికి సూర్యవంశమును గట్టలేదు. భక్తియే వారి బిరుదు.

కావున ఉపాధ్యాయులకు నా మనవి యిది. వంశావళులను పాఠములనుండి తీసివేయకుడు. పూర్వుల చరిత్రగా గాక, వ్రాయించినవారి కోరికల చరిత్రగా చదివింపుడు. నీవెవరి సంతతివని బాలు నడుగుట మానుడు. వాడు చేయదగిన పని యేదియో వానికి జూపుడు. బయ్యారము చెఱువు నీరు నేటికిని పొలములకు బాఱుచున్నది. ఆ పైరునకు మైలాంబ వంశముతో బనిలేదు, ఆమె వేయించిన కట్టతో మాత్రమే పని.