ఇవ్వలేని తండ్రి ఋణం: పిల్లల మనోవర్తిపై ఒక నైతిక విచారణ

భార్యాభర్తలు విడిపోయిన తరువాత భార్యాబిడ్డల పోషణకై ఇవ్వవలసిన సొమ్మును మన న్యాయస్థానాల తెలుగులో మనోవర్తి అంటారు. ఆ మాట చెవిన పడగానే మనుగడ స్ఫురిస్తుంది. వ్యుత్పత్తి చర్చను నిఘంటుకారులకు వదిలి, ఈ వ్యాసం పిల్లల మనోవర్తికే పరిమితమవుతుంది. ఈ విషయమై సాగే చర్చ సాధారణంగా ఇవ్వని తండ్రి చుట్టూ తిరుగుతుంది. అతణ్ణి నిందించడం తేలిక. కాని పంట పోయిన కౌలురైతు, మిల్లు మూతపడిన కార్మికుడు, మంచాన పడిన ఆటో డ్రైవరు ఇవ్వలేని తండ్రులు. అట్టివాని ఎదుట బిడ్డను పెంచుతున్న తల్లి నైతికంగా ఎక్కడ నిలబడాలి? లేనివాణ్ణి అడగడం క్రౌర్యమా, అడగకుండుట బిడ్డకు ద్రోహమా? లేమి వలన ఋణం రద్దవుతుందా అన్నది ఈ రెండింటికీ మూలమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రం, ఆధునిక శాసనం ఒకే విధంగా సమాధానం చెప్పవు. వృద్ధులైన తల్లిదండ్రులను, సాధ్వియైన భార్యను, పసిబిడ్డను నూరు అకార్యాలు చేసి అయినా పోషించవలసిందేనని మనువు పేరిట మితాక్షర ఉదాహరించింది. ఆ మితాక్షరనే పదమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. ఆ దృష్టిలో ‘లేదు’ అన్న మాటకు తావు లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ మాత్రం తగిన స్తోమత ఉండీ పోషణను నిర్లక్ష్యం చేసిన, లేదా నిరాకరించిన వ్యక్తిపైనే ఉత్తర్వును అనుమతించింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ అదే షరతు కొనసాగుతున్నది. అంటే శాసనం స్తోమతను ముందు అడుగుతుంది, బాధ్యతను తరువాత. అయితే ఈ స్తోమత అనే మాటకు సుప్రీంకోర్టు విశాలమైన అర్థం చెప్పింది. అంజూ గార్గ్ కేసులో (2022) దేహదారుఢ్యం గల భర్త శ్రమ చేసి అయినా సంపాదించి భార్యాబిడ్డలను పోషించవలసి ఉందన్నది. నూరు అకార్యాల స్థానంలో దినకూలి వచ్చి చేరిందన్నమాట. పని చేయగల ఒళ్ళు ఉన్నంత మాత్రాన పని దొరుకుతుందన్న ఈ ఊహ కరవు పల్లెలలో ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించవలసి ఉంది.

ఇవ్వనివాడు, ఇవ్వలేనివాడు అన్న భేదం మన సాహిత్యంలో పాతదే. భారత కథలో దుష్యంతుడు కొడుకును చేతపట్టుకొని వచ్చిన శకుంతలను ఎరిగియుండీ ఎరుగనంటాడు. నన్నయ ఆ కథనే అనుసరించాడు. కాళిదాసు నాటకంలో దూర్వాసుని శాపం, పోయిన ఉంగరం వచ్చి చేరాయి. దీనివలన దుష్యంతుడు ఎరుగనన్నవాడు కాక ఎరుగలేనివాడయ్యాడు. నాయకుణ్ణి కాపాడుకొనుటకు కవి చేసిన ఈ మార్పు నాటకంగా గొప్పదే. నీతిపరంగా అది ఒక ఇష్టాన్ని అశక్తతగా మార్చిన పని. అదే మార్పు న్యాయస్థానంలో శాపం సాయం లేకుండానే జరుగుతూ ఉంటుంది. ఇల్లు అన్న పేర, దుకాణం తల్లి పేర, జీతం చీటీ లేని ఉద్యోగం! భారతంలో ఆకాశవాణి ఆ బిడ్డను భరించమని రాజును ఆదేశించింది. ఆ మాట మీదనే అతనికి భరతుడని పేరు వచ్చింది. భరణం, భర్త, భరతుడు మూడింటిలోనూ ఉన్నది ఒకే ధాతువు.

దుష్యంతుని కథ మోసానికి సంబంధించినది. నిజమైన లేమికి నలుని కథను చూడాలి. శ్రీనాథుని శృంగారనైషధం మూలాన్ని అనుసరించి వివాహానంతర సౌఖ్యంతో ముగుస్తుంది గనుక ఈ భాగం అందులో లేదు; దీనికి అరణ్యపర్వమే ఆధారం. నలుడు జూదంలో ఓడిపోతూ ఉండగా, రాజ్యం ఇంకా పూర్తిగా పోకముందే, దమయంతి సారథి వార్ష్ణేయుణ్ణి పిలిపించి ఇంద్రసేనుడు, ఇంద్రసేన అన్న పిల్లలిద్దరినీ కుండినానికి తన పుట్టింటికి పంపింది. భర్తపై ప్రేమ తగ్గి చేసిన పని కాదిది. తరువాత ఆమె అతని వెంట కట్టుబట్టలతో అడవికి వెళ్ళింది. భర్త విషయంలో తాను పడదలచిన కష్టాన్ని బిడ్డల నెత్తిన పెట్టలేదు. తన పాలును వదులుకొనే హక్కు తల్లికి ఉంది, బిడ్డ పాలును వదులుకొనే హక్కు లేదు. ‘పాపం, అతని దగ్గర ఏముంది, పోనీలే’ అని బంధువులు తల్లితో అనిపించాలని చూసినప్పుడు ఈ భేదం మరుగున పడుతుంది. అది క్షమాగుణమే కావచ్చు, కాని క్షమించబడుతున్నది మరొకరికి రావలసిన బాకీ.

కథలో అంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉంది. నలుడు బాహుకుడై అయోధ్యలో ఋతుపర్ణుని కొలువులో చేరినప్పుడు సంస్కృత మూలం అతని వేతనాన్ని కూడా చెప్పింది: నూరు నూర్లు, అంటే పదివేలు. పిల్లలు విదర్భలో ఉన్న సంగతి అతనికి తెలుసు. కేశినితో మాటలలో తానే చెప్పాడు. వారికి ఏమైనా పంపినట్లు కథ చెప్పదు. కలిబాధ ఉంది, కర్కోటకుని సూచన ఉంది, మారువేషానికి కారణాలు ఉన్నాయి. వాటిని తోసిపుచ్చనవసరం లేదు. అయినా మన విచారణకు కావలసినది ఇక్కడే దొరుకుతుంది. అశక్తతకు ఒక ఆరంభం ఉన్నట్లే ఒక అంతం కూడా ఉంటుంది. ఆ అంతాన్ని మొదట ఎరిగేవాడు అశక్తుడే. కేశిని పిల్లలను తీసుకొని వచ్చినప్పుడు బాహుకుడు వారిని కౌగిలించుకొని ఏడ్చి, వెంటనే, వీరు నా పిల్లలను పోలి ఉన్నారు గనుక కన్నీరు వచ్చిందని సర్దుకున్నాడు. కన్నీరు నిజమే, దాచినదీ నిజమే.

కావున లేమి ఋణాన్ని రద్దు చేయదు, దాని రూపాన్ని మారుస్తుందని నా అభిప్రాయం. సొమ్ము చెల్లించలేని కాలంలో తండ్రి బిడ్డకు చెల్లించవలసినది తన స్థితిని గురించిన నిజం. ఎంత వస్తున్నది, ఎంత అప్పున్నది, ఎప్పటికి కోలుకోగలడు అన్నవి అతడే చెప్పాలి. రజనీశ్ వర్సెస్ నేహా కేసులో (2020) సుప్రీంకోర్టు ఉభయపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలని ఆదేశించడంలో నాకు కనిపించే నైతిక సారం ఇదే. దాన్ని కేవలం సాక్ష్యసేకరణ పద్ధతిగా చూడడం అన్యాయం.

శిక్ష విషయం మరొకటి. బాకీ పడిన ఒక్కొక్క నెలకు ఒక నెల వరకు చెర విధించవచ్చు. చెరలో ఉన్నవాడికి కూలి రాదు; ఇవ్వనివాణ్ణి లొంగదీసే సాధనం ఇవ్వలేనివాడి విషయంలో బిడ్డ నోటి కూటినే దూరం చేస్తుంది. అయితే చెర అనుభవించినంత మాత్రాన బాకీ తీరదని, అది వసూలుకు ఒక మార్గమే గాని చెల్లింపు కాదని కుల్‌దీప్ కౌర్ కేసులో (1989) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శిక్ష చేత తీరని ఋణం లేమి చేత మాత్రం ఎట్లా తీరుతుంది?

మరి ఈ లోపల బిడ్డ తినేది ఎవరి అన్నం? దమయంతికి కుండినం ఉంది. నేటి తల్లులలో చాలామందికి పుట్టిల్లే అంతంతమాత్రం. జర్మనీలో 1980 నుండి తండ్రి ఇవ్వని సొమ్మును ప్రభుత్వమే ముందుగా బిడ్డకు ఇచ్చి, తరువాత అతనినుండి రాబట్టుకొనే ఏర్పాటు ఉంది. తెలంగాణలో 2017లో ఆరంభమైన ఒంటరి మహిళల పింఛను స్త్రీకి ఆసరా. బిడ్డ బాకీతో దానికి ముడి లేదు.

సొమ్ము రాని నెలలలో తండ్రి చూపును కూడా బిడ్డకు ఆపివేయడం తల్లులు తరచు పట్టే దారి. కోపం అర్థం చేసుకోదగినదే. అయితే అలా చేస్తే చూపు సొమ్ముకు బదులవుతుంది, బిడ్డ ఒకేసారి రెండు బాకీలు కోల్పోతుంది. నాన్న ఎందుకు పంపడం లేదని బిడ్డ అడిగినప్పుడు, పంపలేకపోతున్నాడని చెప్పడానికి తల్లికి అది నిజమని తెలియాలి గదా. తెలియనప్పుడు ఆమె చేత అబద్ధమో నిందో పలికించేది అతని మౌనమే. నలునికి అయోధ్యలో వేతనం కుదిరిన దినాన కుండినంలో ఎవరికీ కబురు లేదు. తండ్రి అశక్తతను ఒప్పుకొని మనోవర్తిని తగ్గించే ప్రతి ఉత్తర్వులోనూ, అతనికి మళ్ళీ పని దొరికిన నెలలోనే ఆ సంగతి తల్లికి తానై తెలుపవలెనన్న ఒక వాక్యం చేర్చడానికి కొత్త శాసనం అక్కరలేదు.