కృతజ్ఞుడను తిరునామము

వైష్ణవ గృహములలో ఉదయవేళ శ్రీ విష్ణుసహస్రనామ పారాయణము జరుగుట సంప్రదాయము. వంటయింటిలో పాలు పొంగుచుండును. పిల్లలు బడికి సిద్ధమగుచుందురు. పూజామందిరమున నామములు ఒకదాని వెంట నొకటి సాగిపోవుచుండును. కంఠస్థమైన వానిని నాలుక తానే పలుకును గాని, మనస్సు ప్రతి నామము వద్దను నిలువదు. అట్లు జారిపోవు నామములలో 'కృతజ్ఞః' అనునది యొకటి. క్షణకాలము ఆగి ఆలోచించినచో ఈ నామము ఒక చిక్కుప్రశ్నను ముందుంచును.

లోకమున, పొందిన మేలును మరువనివానిని కృతజ్ఞుడందురు. అట్లయినచో సర్వలోకములను సృష్టించి పోషించు పరమాత్మకు మేలు చేయగలవాడెవడు? ఆయనకు సమర్పించు తులసి ఆయన భూమిలో మొలచినదే. అభిషేకజలము ఆయన మేఘము కురిసినదే. సమర్పించు చేయియు ఆయన యిచ్చినదే. ఏ లోటును లేనివాడు, ఎవ్వరికిని ఋణపడనివాడు కృతజ్ఞుడెట్లగును?

సమాధానము ఆ పదములోనే యున్నది. 'కృత'మనగా చేయబడినది. 'జ్ఞ' యనగా ఎరిగినవాడు. బదులు తీర్చుట యను అర్థము ఈ పదమున లేదు. ఎరుగుట యొక్కటే కలదు. శ్రీ శంకరభగవత్పాదులు తమ భాష్యమున ఈ నామమునకు రెండర్థములు చెప్పిరి. ప్రాణులు చేసిన పుణ్యపాపకర్మల నన్నిటిని ఎరిగినవాడని యొకటి. పత్రమో, పుష్పమో, ఎంత స్వల్పమైనదానిని సమర్పించినవారికైనను మోక్షము నొసగువాడని మరియొకటి. స్వామికి ఆకుతో పనిలేదు. కాని ఆ ఆకును కోసి తెచ్చినవాని నడక, వంగిన నడుము, తలచిన తలపు ఆయన ఎరుకను తప్పిపోవు.

శ్రీ పరాశరభట్టరువారు తమ సహస్రనామ వ్యాఖ్యకు 'భగవద్గుణదర్పణ'మని పేరిడిరి. దర్పణమున భగవద్గుణమును చూడబోయినవాడు తన ముఖమును గూడ చూచుకొనక తప్పదు. స్వామిని కృతజ్ఞుడని కీర్తించు గృహస్థుడు ఆ గుణము తనయందెంత కలదో తెలిసికొనవలదా?

శ్రీమద్రామాయణారంభమున వాల్మీకి మహర్షి నారదుని ప్రశ్నించుచు, ధర్మజ్ఞుడెవడని అడిగిన వెంటనే కృతజ్ఞుడెవడని యడిగెను. రాముడు ఒక్క యుపకారముతోనే తృప్తి చెందునని, నూరు అపకారములనైనను మనస్సున నుంచుకొనడని అయోధ్యాకాండము వర్ణించుచున్నది. సీతాదేవి క్షేమవార్త తెచ్చిన హనుమంతునకు ఈయదగిన కానుక తనవద్ద లేదని ఆ ప్రభువు బాధపడి, ఆలింగనమునే సర్వస్వముగ నొసగెను. పట్టాభిషేకానంతరము హనుమంతుని సాగనంపునపుడు ఆయన తలచిన తలపు మరింత లోతైనది. నీ యుపకారము నాలోనే జీర్ణించిపోవుగాక యని ఆయన భావము. ఏలనన, ప్రత్యుపకారము పొందుటకు మనుష్యుడు ఆపదలో పడవలెను. హనుమంతునకు అట్టి ఆపద రావలెనని రాముడు కోరజాలడు.

లోకవ్యవహారము దీనికి భిన్నముగ నడచుచుండును. సాయము పొందినవాడు త్వరగా బదులిచ్చి, 'ఋణము తీరిన'దని నిట్టూర్చును. ఋణము తీరిన క్షణముననే మేలు చేసినవానిని మరచుటకు అనుమతి లభించినట్లు భావించును. పనిమనిషికి జీతమిచ్చితిమి, కూలివానికి కూలి ఇచ్చితిమి, ఇంకేమి మిగిలినదని అడుగువారు కలరు. కూలితో లెక్క తీరును, ఎరుక తీరదు. జీతము ఈయకుండుట అన్యాయము. జీతమిచ్చి మనిషిని చూడకుండుట కృతఘ్నత.

తిరుమల క్షేత్రమున ఈ ఎరుక ఉత్సవరూపము దాల్చియున్నది. తిరుమలనంబి స్వామి అభిషేకమునకై పాపవినాశనము నుండి నిత్యము తీర్థము మోసితెచ్చిన మహనీయుడు. ఒకనాడు స్వామి వేటగాని వేషమున వచ్చి, 'తాతా' యని పిలిచి ఆ నీటిని త్రాగి, వృద్ధుడు అంతదూరము నడువ నక్కరలేకుండ ఆకాశగంగను చూపెనని సంప్రదాయము చెప్పును. ఆ జలకైంకర్యము తన్నీరముదు ఉత్సవమున నేటికిని స్మరింపబడుచున్నది. శ్రీ రామానుజుల ఆజ్ఞచే అనంతాళ్వారులు కొండపై పూదోట పెంచిరి. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు భాగ్‌సవారి పేర మలయప్పస్వామి ఆ పురుశైవారితోటకు వేంచేయుదురు. ఒకరు నీరు మోసిరి. ఒకరు మొక్కలకు పాదులు తీసిరి. వందలయేండ్లు గడచినను స్వామి సన్నిధిలో ఆ పనులు మరుగుపడలేదు.

ఇక గృహస్థుని దినచర్యను చూడవలెను. విస్తరిలో వడ్డించిన అన్నమునకు వెనుక దుక్కి దున్నినవాడు, మోకాటిలోతు బురదలో నాట్లు వేసిన స్త్రీ, ధాన్యము మోసినవాడు, పొయ్యివద్ద చెమటోడ్చిన ఇల్లాలు కలరు. ముప్పదియేండ్లు వండిన వంటలో ఉప్పు సరిపోయిన దినములు ఎవ్వరికిని గుర్తుండవు. తగ్గిన దినము మాత్రము అందరికిని గుర్తుండును. దేవతలు అనుగ్రహించినదానిని వారికి సమర్పింపక అనుభవించువాడు దొంగయని గీత మూడవ అధ్యాయము పలుకుచున్నది. ఇతరులదానిని తనదను కొనువాడే గదా దొంగ! మరచువాడును అదియే చేయుచున్నాడు. అందుచేతనే ధర్మశాస్త్రములు దేవ, ఋషి, పితృ, మనుష్య, భూతయజ్ఞములను ఐదింటిని గృహస్థునకు నిత్యవిధులుగ నియమించినవి. తినుటకు ముందు తన వెనుకనున్నవారిని తలచుటయే వాని సారము.

యాత్రికునకును ఇదే పరీక్ష. దర్శనభాగ్యమునకు స్వామికి చేతులెత్తి మ్రొక్కిన భక్తుడే, క్యూలో మంచినీరు అందించిన సేవకుని ముఖము చూడకయే గ్లాసు తిరిగి యిచ్చును. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానము నేటికిని యాత్రికుల ఆకలి తీర్చుచున్నది. పంక్తిలో కూర్చున్నవానికి వడ్డించువాడు కనబడును. కూరలు తరిగినవాడు, పాత్రలు కడిగినవాడు కనబడరు. భగవంతునకు మ్రొక్కి, ఆయన తన చేతులుగ పంపినవారిని చూడకపోయినచో ఆ మ్రొక్కు సగము దారిలోనే ఆగిపోవును.

ఇచట రెండు సందేహములు కలుగవచ్చును. కృతజ్ఞత కొరకు అధర్మమునకైనను తోడ్పడవలెనా యనునది మొదటిది. కర్ణుడు దుర్యోధనుని యుపకారమును మరువలేదు, అది గొప్పగుణమే. కాని ఆ ఋణమును అధర్మపక్షమున పోరాడి తీర్చెను. విదురుడును కురువంశపు ఆశ్రయముననే జీవించెను. ఐనను ధృతరాష్ట్రునకు చేదైన సత్యమునే పలుమారులు చెప్పెను. తిన్న యింటి మేలు కోరుట విదురుని కృతజ్ఞత. మేలు చేసినవాని తప్పునకు తోడుపడుట వానికి చేయు ఉపకారము గాదు.

దుఃఖములో మునిగిన యింట కృతజ్ఞతకు తావెక్కడిదనునది రెండవది. బిడ్డను కోల్పోయిన తల్లిని, వ్యాధితో మంచము పట్టినవానిని చూచి, ఉన్నదానికి సంతోషింపుమని బోధించుట క్రూరము. శాస్త్రము అట్లు కోరలేదు. పరులకన్న తన స్థితి మేలని పొంగుటయు కృతజ్ఞత గాదు. అది పోలిక మాత్రమే. సీతావియోగమున తల్లడిల్లుచున్న రామునకు జటాయువు కనబడెను. తన కొరకు రెక్కలు కోల్పోయిన ఆ పక్షిని చూచి రాముడు విలపించి, స్వహస్తములతో అంత్యక్రియలు జరిపెను. దుఃఖము తొలగలేదు, సీత దొరకలేదు. ఐనను ఆ దుఃఖమధ్యముననే తన కొరకు ఒకరు చేసినదానిని ఆయన చూచెను. కన్నీరు ఆ చూపునకు అడ్డుగాలేదు.

రేపటి పారాయణమున 'కృతజ్ఞః' అను నామము వచ్చినపుడు నాలుకను అరక్షణము ఆపుటకు గృహస్థునకు వ్యయమేమియు లేదు. నిన్న తనకు మేలు చేసిన ఒక్కరిని ఆ అరక్షణమున తలచి, పారాయణము ముగిసిన పిదప వారికి ఒక మంచిమాట చెప్పినచో, ఆ నామము నాలుకనుండి యింటిలోనికి నడచివచ్చును. ఆకును మరువని స్వామి ఆ మాటను మరువడు.