చిక్కుడుకాయల వంటకమును ఓటును



ఏశావు పొలమునుండి అలసి వచ్చి, ఒక్క పూట భోజనమునకై తన జ్యేష్ఠత్వమును తమ్మునికి అమ్మివేసిన సంగతి (ఆదికాండము 25) మనమందరము ఎరుగుదుము. ఈ భాగమును మేము అనేక పర్యాయములు బోధించితిమి. బోధించిన ప్రతిసారియు ఏశావునే తప్పుపట్టితిమి. 2024 మే 13న ఎన్నికలు జరుగనుండగా, అంతకుముందటి ఆదివారమున కూడ ఆ వాక్యమునే తీసికొని, నోటు పుచ్చుకొని ఓటు వేయువాడు ఏశావునకు సహోదరుడని గట్టిగా చెప్పితిమి.

ఆరాధన ముగిసిన పిమ్మట ఒక పెద్దవయస్సు సహోదరి వరండాలో మాకొరకు నిలిచియుండెను. ఆమె దినదినము పెందుర్తి జంక్షన్‌కు కూలిపనికి పోవును. "అయ్యగారూ, ఏశావుకి ఆకలేసింది గదా. గిన్నె ముందెట్టుకుని కూకున్నోడి మాటేటీ సెప్పలేదేటి?" అని అడిగెను.

మేము జవాబు చెప్పలేకపోతిమి. నాటినుండి ఆ ప్రశ్న మమ్మును విడువలేదు.

ఆమె నిలుచు చోటును మీలో చాలమంది చూచియుందురు. ఇంకను ఎండ ఎక్కకముందే క్యారియర్లు చేతబట్టుకొని తాపీపనివారు, ఇటుకలు మోయువారు, గోతులు త్రవ్వువారు అక్కడ చేరుదురు. సబ్బవరం వైపునుండి, కొత్తవలస వైపునుండి వచ్చువారును కలరు. మేస్త్రీ వచ్చి ఇద్దరిని, ముగ్గురిని పిలుచును. తొమ్మిది దాటినను పిలుపు రానివారు ఇంటికి మరలిపోవుదురు. మత్తయి 20వ అధ్యాయములో సాయంకాలమువరకు సంతవీధిలో నిలిచినవారు తమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదని చెప్పినప్పుడు, ఆ యజమానుడు వారిని సోమరులని తిట్టలేదు, పనికి పంపెను.

ఎన్నికల దినమున పనివారికి కూలి కోయకుండ సెలవు ఇయ్యవలెనని చట్టము కలదు. దినకూలీకి సైతము అది వర్తించును. మంచి చట్టమే. కాని ప్రతి ఉదయము వేరొక మేస్త్రీ వెంట పోవు స్త్రీ ఆ దినపు కూలిని ఎవరిని అడుగవలెను? ముందటి రాత్రి తలుపు తట్టి నోటిచ్చినవాడు ఆమెకు కనబడిన ఒకే ఒక యజమానుడు. ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని ఇద్దరినీ చట్టము నేరస్థులనే అనును. అది సరియే. అయితే పుచ్చుకొన్న చేతినే మనము ప్రసంగ పీఠమునుండి చూచుచున్నాము. ఆ చేయి మన ముందరి చాపమీద కూర్చుండును గనుక.

బీదవారు ఓటు విలువ ఎరుగరని మాత్రము ఎవరును అనరాదు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో సుమారు 17 కోట్లమందికి ఓటు ఉండెను. వారిలో అధికులకు చదువు రాదు. ఇట్టి దేశములో ప్రజాస్వామ్యము నిలువదని పలికిన పండితులు కొందరుండిరి. అది నిలిచెను. నేటికిని మన పేటలలో ముసలివారు మనుమల భుజములు పట్టుకొని వచ్చి వరుసలో నిలుచుందురు. కాబట్టి బీదరికము ఓటును చంపివేయునని మేము చెప్పుట లేదు. అది ఓటును ఒక్క దినమునకు కుదించును. మిగిలిన దినములలో నోరు కట్టివేయును. డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఇచ్చిన హెచ్చరిక ఇదే: రాజకీయములో సమానత్వము పొందబోవుచున్నాము, సాంఘిక ఆర్థిక జీవితములో అసమానత్వము అట్లే యుండబోవుచున్నది, ఈ వైరుధ్యమును త్వరగా తొలగించుకొనకున్నచో బాధపడువారు ఈ కట్టడమునే కూల్చివేయుదురని.

నోరు కట్టబడుట ఎట్టిదో మన యిండ్లలోనే చూడవచ్చును. మన యౌవనస్థులు పలువురు పరవాడలోను అచ్యుతాపురంలోను మందుల కర్మాగారములలో కాంట్రాక్టు పని చేయుచున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఔషధ కర్మాగారమున జరిగిన ప్రమాదములో 17 మంది మరణించిరి. ఆ వారము మేము దర్శించిన ఒక ఇంటిలో తల్లి తన కుమారుని చేయి పట్టుకొని, నీ పనిచోట ఏదైన లోపము కనబడిన యెడల పైవారికి చెప్పుమని బ్రతిమాలెను. అతడు నవ్వి ఊరకుండెను. చెప్పినచో మరునాడు గేటుపాసు ఉండదు. ఇంటి అద్దె, బిడ్డల ఫీజు, గ్యాసుబండ మాత్రము ఉండును. వాక్‌స్వాతంత్ర్యము రాజ్యాంగపు 19వ అధికరణములో వ్రాయబడియున్నది. అతని విషయములో అది నెల జీతమునకు తాకట్టు పెట్టబడియున్నది.

దీనికి ప్రతిగా ఉక్కు కర్మాగారపు చరిత్ర చూడుడి. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనులు వీధులకు వచ్చిరి. టి. అమృతరావుగారు నిరాహారదీక్ష చేసిరి. ఆ ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిలులో కర్మాగారము ఇచ్చెదమని ఇందిరాగాంధీగారు పార్లమెంటులో ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. నాటి జనులు దయ చూపుమని కాక హక్కు అని అడిగిరి. ఆ పొలములిచ్చి నిర్వాసితులైన కుటుంబములలో ఉద్యోగము రానివారు అనేకులు గలరు. ఆ కథ ప్రత్యేకముగా వ్రాయదగినది. అయితే ఉద్యోగము స్థిరముగా దొరికినవారి బిడ్డలు చదువుకొనిరి, యూనియన్లు పెట్టుకొనిరి. 2021 జనవరిలో ఆ కర్మాగారమును ప్రైవేటు వారికి అమ్ముటకు కేంద్ర మంత్రివర్గము నిర్ణయించినప్పుడు శిబిరములు వేసి ఎదురు పలుకగలిగిరి. వారి వాదము సరియో కాదో ఎవరి అభిప్రాయము వారిది. ఎదురు పలుకుటకు ముందు మరునాటి అన్నమునుగూర్చి భయము లేకుండవలెను. అదే గేటులో పనిచేయు కాంట్రాక్టు కూలీకి అంత ధైర్యము ఎక్కడిది?

ఆకలి ఎక్కువైన కొలది మనుష్యుడు ఏమి అమ్మునో ఆదికాండము 47లో వరుసగా వ్రాయబడియున్నది. ఐగుప్తీయులు మొదట రూకలిచ్చిరి, పిమ్మట పశువులను, తుదకు పొలములను, తమ్మును తామే ఫరోకు అమ్ముకొనిరి. ధాన్యము అమ్మినవాడు మన యోసేపే. సండే స్కూలులో మనము సహోదరులు కౌగిలించుకొన్న 45వ అధ్యాయముతో కథ ముగించి పిల్లలకు మిఠాయి పంచుదుము. నెహెమ్యా 5లోనైతే పొలములు కుదువపెట్టి ధాన్యము తెచ్చుకొన్నవారు మొరపెట్టగా, నెహెమ్యా ప్రధానులను సభలో నిలదీసి పొలములు తిరిగి ఇప్పించెను.

అన్యదేశములలోను ఇదే పరీక్ష వచ్చెను. 1933 ఆరంభమున జర్మనీలో సుమారు 60 లక్షలమందికి పని లేదు; జనవరి 30న హిట్లరు ప్రధానియాయెను, కొన్ని మాసములలోనే ప్రజాస్వామ్యము అంతరించెను. ఆకలి ఒక్కటే కారణమని చెప్పరాదు. యూదులపై ద్వేషమును, చాలమంది క్రైస్తవుల మౌనమును లెక్కలో చేర్చవలెను. అదే యేట అమెరికాలో పనివారిలో ఇంచుమించు నాలుగవ వంతు పనిలేక యుండిరి. అక్కడ రూజ్‌వెల్టు ప్రభుత్వము యువకులను అడవులు పెంచుటకు, రోడ్లు వేయుటకు కూలికి పెట్టెను. అక్కడ ఎన్నికలు ఆగలేదు.

మన రాష్ట్రములో 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు, మోతుబరి గాదె ముందు చేయి చాపు అవసరము చాల యిండ్లలో తగ్గెనని మన పెద్దలు చెప్పుదురు. కార్డుమీద వచ్చిన బియ్యమునకు ఎవరికిని దండము పెట్టనక్కరలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ ఇంకొక మెట్టు ఎక్కెను: ఏడాదికి 100 దినముల పని అడుగుట హక్కాయెను. మన రాష్ట్రములో జరిగిన సామాజిక తనిఖీ సభలలో మస్తరు చదివించి, నా కూలి ఏమాయెనని అధికారిని అడిగిన స్త్రీలు కలరు. విశాఖ మహానగరములో కలిసిపోయిన మన వీధులకు ఆ గ్రామీణ చట్టము వర్తించలేదు. జంక్షన్ దగ్గర నిలుచు ఆ సహోదరికి అడుగుటకు మస్తరు లేదు.

ఇక మా సంగతి ఒప్పుకొనవలెను. ఆ యెన్నికలకు కొంతకాలము ముందు ఒక అభ్యర్థి మనుష్యులు వచ్చి మన ఆలయమునకు మైకు సెట్టు ఇచ్చిరి. సంఘ కమిటీ దానిని తీసికొని, లేచి ప్రార్థన చేసి కృతజ్ఞతలు చెల్లించెను. ఆ ప్రార్థన చేసినది మేమే. మాకు ఆకలి లేదు. మా జీతము నెలనెలా వచ్చుచున్నది. ఆ ఆదివారము ఏశావును తిట్టినది కూడ ఆ మైకులోనే.

ఈ సంగతి మొన్న ఆ సహోదరి యింటికి పోయి చెప్పితిమి. ఆమె, "తెలుసయ్యా, ఆల పేరు పెట్టెమీద రాసుందిగదా" అని టీ పెట్టుటకు లోపలికి పోయెను. మైకు సెట్టు ఇంకను ఆలయములోనే యున్నది. వచ్చు కమిటీ కూటములో దానిని తిరిగి పంపు విషయము మేము ఎత్తెదము. ఆ దినమున సంఘస్థులు ఎక్కువమంది రావలెనని కోరుచున్నాము.