ఒక్కరినైనను విడువక
(నిర్గమకాండము 10:8-11)



ఐగుప్తునుండి బయలుదేరునప్పుడు మోషే పిల్లలను గాని వృద్ధులను గాని విడువనొల్లడాయెను. పురుషులు మాత్రమే పొండని ఫరో బేరమాడెను.

వేసవి ప్రయాణములలో ఈ బేరము మన యిండ్లకును వచ్చుచున్నది. మన సంఘములో ఒక కుటుంబమువారు పదునలుగురు. హైదరాబాదు జూ చూడబోవుచు, బస్సు ఖర్చునకు జడిసి, కాళ్లనొప్పుల నాయనమ్మను, తలిదండ్రులు లేని మేనల్లుని ఇంట నుంచ దలచిరి.

1963లో తెరువబడిన ఆ నెహ్రూ జూ 380 ఎకరములది. ముసలివారు నడువలేరన్నది నిజమే. అయితే అక్కడ బ్యాటరీ బండ్లున్నవి. ఎండలలో మృగములకు సైతము నీళ్లు చల్లి చల్లదనము కలిగించుదురు. సింహమునకు దొరకు ఆదరణ మన ముసలితల్లికి దొరకవద్దా అని మేమడిగితిమి. వారు రెండు వారములు ఆగి, డబ్బు కూర్చుకొని, పదునలుగురును వెళ్లిరి.

ప్రియులారా, గేదెకు మేత వేయవలెనని ప్రతిసారి ఇంట నిలిచిపోవు కోడలెవరు? పండుగనాడు ఎవరును పిలువని విధవరాలెవరు? దేవుడు నోవహును ఒంటరిగా ఓడలోనికి పిలువలేదు. ఇంటివారినందరిని పిలిచెను (ఆదికాండము 7:1). పరలోకపు ప్రయాణములో మనకు తోడుండవలసిన వారిని ఈ లోకపు బాటలో విడువకుందము. ఆమేన్.