రుచి వస్తువునందా, నాలుకయందా?

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యను సామెతను మనవారు వివాదమును ముగించుటకే వాడుదురు గాని ఆరంభించుటకు వాడరు. ఒకనికి ప్రియమైనది వేఱొకనికి వెగటగుట అనుభవసిద్ధమే; అయినను రుచి భోక్త నాలుకపైననే పుట్టి యచ్చటనే నశించునదైనచో, వంట బాగున్నదనియు బాగులేదనియు మనము పలుకు మాటలన్నియు అర్థహీనములు కావలసివచ్చును. ఈ ప్రశ్నను పరీక్షించుటకు ఎఱ్ఱ వైను మిక్కిలి యనువైనది. ఏలయన, దానిని రుచిచూచువారి మాటలు ఎంతగా గౌరవింపబడినవో, బూటకములని యంతగా పరిహసింపబడినవి. మద్యపానము ధర్మమా, యధర్మమా యనునది వేఱు విచారము. దానిని ముట్టని యింటివారు ఈ తర్కమును తమ కాఫీకి అన్వయించుకొనవచ్చును.

మన నైయాయికులు రుచిని వస్తువునందే నిలిపిరి. తర్కసంగ్రహమును రచించిన తెలుగువాడగు అన్నంభట్టు, రసము జిహ్వచే గ్రహింపబడు గుణమనియు, అది మధురాది భేదములచే ఆఱు విధములనియు, పృథివీజలములయందు వసించుననియు నిర్ణయించెను. జర్మను తాత్త్వికుడు కాంటు 1790లో ప్రకటించిన గ్రంథమున, కెనరీ ద్వీపముల వైను హృద్యముగా నున్నదనువాడు తనకు మాత్రమే యట్లున్నదని సవరించుకొనవలెననియు, జిహ్వాప్రీతి విషయమున ఎవనికి వాడే ప్రమాణమనియు వాదించెను. ఒకరు గుణమును గూర్చియు, వేఱొకరు ప్రీతిని గూర్చియు పలికిరి గనుక వీరికి విరోధము లేదని తోచును. కాని చిక్కు అంతటితో తీరదు; ఆ గుణమే స్థిరముగా నిలువనట్లు ఎఱ్ఱ వైనునందు కనబడును.

నల్లద్రాక్షలలో పెక్కింటి రసము వర్ణరహితమే. దానిని తొక్కలతోను గింజలతోను కలిపి పులియబెట్టుటచేతనే ఎఱ్ఱదనమును, టానిన్లను పదార్థములును వైనులోనికి దిగును. ఈ టానిన్లు లాలాజలమునందలి ప్రొటీనులను పట్టుకొనగా, నాలుక జారుదనమును కోల్పోయి, పచ్చి అరటికాయ కొఱికినట్లు నోరు బిగుసుకొనిపోవును. మనము వగరనునది యిదియే. కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షతో చేసినదానిలో హెచ్చు, పీనో న్వార్‌తో చేసినదానిలో తక్కువ. అట్టి వగరు వైనును ఒక గుక్క త్రాగి, పిదప వేటమాంసపు వేపుడు ఒక ముక్క నమిలి మరల త్రాగి చూడుడు: మాంసములోని ప్రొటీనులును క్రొవ్వును టానిన్లకు ఎదురై వాని పట్టును సడలించుటచే, వగరు మెత్తబడి ఫలగంధము పైకి వచ్చును. అదే వైనును గుంటూరు మిరపకారము దట్టించిన కూరతో త్రాగినచో, మిరపలోని కారమును వైనులోని సారాయియు మంటను తెలుపు నాడులనే రేపుటచే, నోరు రెండింతలు మండును. సీసా యొకటే, నాలుక యొకటే. మరి యీ మూడింటిలో ఆ వైను యొక్క నిజమైన రుచి యేది?

మూడును నిజమే యని నా సమాధానము. వైనునందున్నది సిద్ధమైన రుచి కాదు, రుచిని పుట్టించు శక్తి. ఆ శక్తి వ్యక్తమగుటకు నాలుకయు, ముందు తిన్న కబళమును సహకారి కారణములు. సహకారులు మాఱినప్పుడు కార్యము మాఱుటచేత మూలకారణము లేదనుట తర్కము కానేరదు. ఆహారమునకు తగిన వైనును వెదకుట యనగా, ఈ సహకారులను తెలిసి కూర్చుటయే.

ఇచ్చట సంశయవాది 2001లో వెలువడిన బోర్డో పరిశోధనను ముందు పెట్టును. వైను శాస్త్రము చదువుచున్న 54 మందికి, తెల్లని వైనులోనే వాసన లేని ఎఱ్ఱరంగు కలిపి యియ్యగా, వారు ఎఱ్ఱ వైనులకు వాడు మాటలతోనే దానిని వర్ణించిరి. కన్ను ముక్కును మోసగించినది. అయితే, దీనివలన తేలునది రుచి మిథ్య యనియా? ముత్యపుచిప్పను వెండి యనుకొనుట భ్రాంతియైనది, అచ్చట నిజముగా చిప్ప యుండుటచేతనే. యథార్థము లేనిచోట పొరపాటునకును తావు లేదు. ఆ విద్యార్థులు భ్రమించిరనుమాటయే, భ్రమింపక చెప్పదగినది యొకటి యున్నదని యొప్పుకొనుట.

స్కాట్లండు తత్త్వవేత్త హ్యూము 1757లో ప్రకటించిన వ్యాసమున, సెర్వాంటిసు నవలలోని కథ నొకదానిని చెప్పెను. ఒక పీపాలోని వైనును రుచిచూచి యిద్దఱు బంధువులలో నొకడు తోలువాసన యనియు, రెండవవాడు ఇనుపరుచి యనియు పలుకగా అందఱును నవ్విరి. పీపా ఖాళీయైన పిదప అడుగున తోలుపట్టీ కట్టిన తాళపుచెవి బయటపడినది. పరిహాసము వారి మాటలను అసత్యములుగా చేయలేదు. తాళపుచెవియు వాటికి సత్యమును క్రొత్తగా తెచ్చిపెట్టలేదు, చూపినదంతే.

కావున ఇంట రుచిచూడగోరువారు సీసాకు కాగితము చుట్టి, వెలయు పేరును కనబడకుండ చేయవలెను. వేసవిలో మన యిండ్ల వేడిమి సారాయి ఘాటును పెంచును గనుక, 16 మొదలు 18 డిగ్రీల వఱకు చల్లబఱచి, మొదట ఒంటరిగాను, పిదప వేఱువేఱు వంటకములతోను చూడవలెను. తనకు నచ్చలేదని చెప్పుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. కాని బాగులేదని తీర్పు చెప్పదలచినవాడు, వైనునందే కాదు, కావ్యమునందైనను మనుష్యునియందైనను, ఇంతపాటి పరీక్ష చేసిన పిదపనే నోరు విప్పవలెను.