విడిది లేచునాటి ధర్మము

స్థిరనివాసము లేనివారికి పరస్పర ధర్మము ఉండునా? ఇల్లు, పొలము, ఊరు, ఇరుగుపొరుగు అనువానిని ఆధారము చేసికొనియే మనము ఒకరిపట్ల ఒకరికి గల విధులను నిర్ణయించుకొనుచున్నాము. ఈ ఆధారము లేవియు లేక, కొన్ని నెలలు ఒకచోట కూడియుండి, పిదప నలుదిక్కులకు పోవువారు ఒకరికొకరు ఏమి ఋణపడియుందురు? స్థావర జంగమములను గూర్చి చింతన చేయు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అయినను నేటి కాలమున అమెరికా దేశపు ఎడారిలో ఇది ప్రతి వసంతమునందును ప్రత్యక్షముగా ఎదురగుచున్నది.

ఆ దేశమున అరిజోనా రాష్ట్రములో క్వార్ట్‌సైట్ అను చిన్న ఊరు కలదు. 2020 నాటి జనగణన ప్రకారము అచటి స్థిరనివాసులు రెండున్నర వేలకు మించరు. చలికాలము వచ్చినంతనే వ్యానులను, పాత బస్సులను ఇండ్లుగా మార్చుకొని జీవించువారు వేలాదిగా వచ్చి ఆ చుట్టుప్రక్కల ఎడారిలో విడిది చేయుదురు. సమీపమున లా పోసా అను ప్రభుత్వ భూమిలో రుసుము చెల్లించినవారు సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు ఉండవచ్చును. 1995లో తన వ్యానునే నివాసముగా చేసికొన్న బాబ్ వెల్స్ అను నాతడు 2011 జనవరిలో ఇట్టివారిని ఈ ప్రాంతమునకు పిలిచి ఒక సమావేశము జరిపెను. పిమ్మట ఏటేట అది పెరిగినది.

ఆ విడుదులలో సాయంకాలము నెగడు చుట్టును కూర్చుందురు. సూర్యరశ్మితో విద్యుత్తును పొందు విధమును ఒకరు నేర్పుదురు, ఇంజను మరమ్మతు ఒకరు చేసిపెట్టుదురు, వండినది పంచుకొందురు. వసంతము ముదిరి ఎండ 40 డిగ్రీలను సమీపించుసరికి రేకుబండిలో నివసించుట ప్రాణాపాయమగును. అపుడు విడిది లేచును. కొందరు 2,100 మీటర్ల ఎత్తున గల ఫ్లాగ్‌స్టాఫ్ వంటి చల్లని తావులకు పోవుదురు. కొందరు అడవులలోని విడిదిస్థలములకు కాపరులుగా కుదురుకొందురు. శరత్తులో చక్కెరదుంపల కోతకై ఉత్తర డకోటాకు పోవువారును కలరు.

దీనిని చూచి వైరాగ్యమని పొగడుట సులభము. కాని తొందరపడరాదు. 2008 నాటి ఆర్థిక సంక్షోభమున ఇండ్లు, ఉద్యోగములు, దాచుకొన్న ధనము కోల్పోయి రోడ్డున పడిన వృద్ధులు వీరిలో అనేకులు. జెస్సికా బ్రూడర్ 2017లో వెలువరించిన ‘నోమాడ్‌లాండ్’ అను గ్రంథము వీరి శ్రమను, కష్టమును లోకమునకు తెలిపినది. ఉపవాసమునకును పస్తునకును భేదము కలదు. రెండింటను కడుపు ఖాళీయే. కాని ఒకటి వ్రతము, రెండవది లేమి. పస్తున్నవానిని వ్రతధారియని కీర్తించి అన్నము పెట్టక పోవుట పాపము. ఇష్టపడి తిరుగువారును, విధిలేక తిరుగువారును ఒకే నెగడు చుట్టు కూర్చున్నారని గుర్తింపవలెను. అపుడే విడిది లేచునాటి ధర్మము బోధపడును.

ఆ ధర్మమున మొదటిది నేలపట్ల కలది. చెత్తను, మురుగును వెనుక విడువరాదు. నెగడు బూడిదను చల్లార్చి తొలగింపవలెను. ఎడారి నేల దేనిని త్వరగా మరువదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 మొదలు 1944 వరకు, ఆ ఎడారులలో శిక్షణ పొందిన సైన్యపు ట్యాంకుల జాడలు కొన్ని నేటికిని కనిపించుచున్నవి. “నాది కాదు” అను భావము రెండు విధములుగా పనిచేయును. నాది కాదు గనుక పాడుచేసిన నేమి యనువాడు ఒకడు. నాది కాదు గనుక పాడుచేయుటకు నాకు హక్కు లేదనువాడు మరియొకడు. నిస్సంగత్వము రెండవవానిదే.

రెండవది తోడివారిపట్ల కలది. ఆ సంచారులు విడిపోవునపుడు తుది వీడ్కోలు చెప్పుకొనరు. ముందు దారిలో కలిసికొందమని మాత్రమే అందురు. మన ఇండ్లలోను “పోవుచున్నాను” అనుట అశుభము. “పోయివచ్చెదను” అనియే అందుము. ఈ మాట మర్యాద మాత్రమేనా, వాగ్దానమా? ఇంజను చెడి కదలలేని బండి ఒకటి విడిదిలో మిగిలినపుడు దీని విలువ తేలును. చూపు మందగించి దూరము నడుపలేని వృద్ధురాలు ఒకతె ఎండలో నిలిచిపోయినపుడు, అందరును “కలిసికొందము” అని చేయి ఊపి పోయినచో ఆ మాట అసత్యమగును. ఒకడు రెండు దినములు ఆగి, బండి బాగుచేయించి, ఆమెను చల్లని తావునకు చేర్చి, పిదప తన దారిన పోయినచో అదే మాట సత్యమగును. కావున విడిదిలోని స్నేహమునకు పరీక్ష వచ్చిననాడు కాదు, లేచిననాడు. ముందుగా బయలుదేరినవానిని కాదు, కడపట బయలుదేరినవానిని చూడవలెను.

మూడవది స్థిరనివాసులమైన మనది. క్వార్ట్‌సైట్ శ్మశానమున ఒక రాతి పిరమిడ్ కలదు. దానిపై ఒంటె బొమ్మ నిలిచియున్నది. 1856లో అమెరికా సైన్యము తెప్పించిన ఒంటెలతో వచ్చి, 1902లో మరణించిన హాజీ అలీ అను ఒంటెకాపరి సమాధి అది. దేశములు తిరిగినవానికి ఊరు స్థావరమైన గౌరవము చేసినది, మంచిదే. కాని బహిరంగ స్థలములలో విడిది చేసి నిద్రించుటను నిషేధించు నగర శాసనములు చెల్లునని 2024లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మరణించిన సంచారికి పిరమిడ్. బ్రతికియున్న సంచారికి అర్ధరాత్రి కిటికీ తట్టి లెమ్మను ఆజ్ఞ. ఈ వైపరీత్యము ఆ దేశమునకే పరిమితమా? మన ఊరి పొలిమేరలో గుడారము వేసికొన్న సంచారజాతులవారిని, పని వెదకికొనుచు వచ్చిన వలస కూలీలను మనమెట్లు చూచుచున్నామో ఆలోచింపవలెను.

ధర్మబంధమునకు ఆధారము స్థలము కాదు. స్థలము ఆ బంధమును గుర్తుచేయు సాక్షి మాత్రమే. సాక్షి లేనిచోట, తిరిగి కలియుదుమను నిశ్చయము లేనిచోట నిలిచిన ధర్మమే గట్టిది. ఈ లోకమున మనమందరమును ఒక ఋతువు కొరకు విడిది చేసినవారమే. లేచిపోవునాటికి వెనుక నేల శుభ్రముగా నున్నదా, కదలలేనివారెవరైన మిగిలిపోయిరా అని ఒకమారు వెనుదిరిగి చూచుట మన విధి.