కంచె వేసినవాడి బాకీ

మా పెద్దాడు చేవెళ్ల దగ్గర ఎకరం నేల కొన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? పెళ్లి బరాత్‌లకు తిరిగి తిరిగి వయసు మళ్లిన తెల్లటి ఆడగుర్రాన్ని తెచ్చి అందులో వదిలాడు. చుట్టూ రాతి కడీలు పాతించి తీగ బిగించాడు. మేయడానికి పచ్చికుంది, తొట్టిలో నీళ్లున్నాయి. చెట్టు మాత్రం ఒక్కటీ లేదు. ప్లాట్లు వేసినవాళ్లు వేపచెట్లన్నీ కొట్టించి, చదును చేసి అమ్మారు.

"షెడ్డు వెయ్యాలా అబ్బా? గుర్రం బయట బతికే జంతువే గదా, దానికి ఇల్లెందుకు?" అని ఫోన్లో అడిగాడు. ఖర్చు తప్పుతుందని అడిగాడో, తెలియకే అడిగాడో గాని, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు జవాబు చప్పున తోచలేదు.

నేను జట్కా సాయిబు కొడుకుని. రేపల్లె స్టేషన్ దగ్గర మా అబ్బా జట్కా తోలేవాడు. తెనాలి నుంచి వచ్చే ఆఖరి బండి జనాన్ని ఊళ్లకు చేర్చి, ఇంటికొచ్చి గుర్రానికి మాలీసు చేసి, మూతికి ఉలవల సంచి కట్టాకే కంచం ముందు కూర్చునేవాడు. తన పైపంచెతోనే దాని మొహం తుడిచేవాడు. ప్రవక్త కూడా తన వస్త్రంతో గుర్రం మొహం తుడిచారని మసీదులో విన్నాడట. ఇంటిగోడకు ఆనించి తాటాకు సాల ఉండేది. ఏటా కొత్త ఆకు ముందు ఆ సాలకే, తర్వాతే మా ఇంటికి. "మేం కురిసే కొంపలో పడుంటాం, నీ గుర్రం మహారాజు" అని అమ్మ సణుగుతుండేది.

1977 నవంబరు 19. దివిసీమ మీద సముద్రం విరుచుకుపడ్డ రాత్రి. మా వైపు గాలి ఎలా వీచిందో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. అబ్బా చీకట్లో కొడవలి తీసుకుని సాలలోకి దూరి గుర్రం మెడతాడు కోసేశాడు. ఈ గాలిలో మూగజీవాన్ని బయటికి తోలతావా అని అమ్మ ఏడ్చింది. "ఇక్కడుంటే నా మాట వింటుంది. పోనీ, అల్లా మాట వింటుంది" అన్నాడు. కాసేపటికి సాల గుంజలతో సహా లేచిపోయింది, దానితోపాటు గోడ కూలింది. తెల్లారాక గుర్రం కాలువకట్ట మీద కనబడింది. గాలికి వెనక్కి తిరిగి, తల దించుకుని నిలబడి ఉంది. కట్టుగొయ్యలకు కట్టేసిన పశువుల సంగతి దివిసీమవాళ్లను అడగాలి.

గుర్రానికి ఇల్లక్కర్లేదనడానికి ఇన్నేళ్లూ నేనీ కథే చెప్పేవాణ్ని. పెద్దాడు అడిగాక తిరగేసి చూసుకుంటే, నేను సాల కథగా చెప్పుకొచ్చింది నిజానికి తాడు కథ.

మాలో అందరికీ తెలిసిన హదీసు ఒకటుంది. పిల్లిని బంధించి చంపినందుకు ఒక స్త్రీ నరకం పాలైంది. తిండి పెట్టకపోవడమే ఆమె తప్పని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. కాని ప్రవక్త రెండు తప్పులు చెప్పారు. తాను పెట్టలేదు, పురుగో పుట్రో వెతుక్కు తిననూ వదల్లేదు. వదిలేసి ఉంటే, పెట్టలేదన్న మాట ఎవరూ అడగకపోదురు. ఆమె నెత్తిన బాకీ పడింది పిల్లికి ఆకలేసినప్పుడు కాదు, తలుపు మూసినప్పుడు.

గుర్రం లెక్కా అంతే. విడిచిపెట్టిన గుర్రం ఎండకు చెట్టు కిందికో, ఈదరకు గుట్టచాటుకో, ఈగలు ముసిరితే గాలి తగిలే మిట్ట మీదికో పోతుంది. కడీలు పాతామంటే ఆ వెతుకులాటకు మనం అడ్డం పడ్డట్టే. లోపల చెట్టూ గుట్టా ఉంటే సరే, వాటినే కప్పు అనుకోవచ్చు. బోడి ఎకరమైతే కప్పు మనమే ఇచ్చుకోవాలి.

నాతో పనిచేసిన తెలుగు పండితుడికి ఇది చెప్పాను. "ఇంత దూరం ఎందుకు మాస్టారూ! గీత ఆరో అధ్యాయంలో ఆత్మౌపమ్యం అన్నారు. మీ సుఖదుఃఖాలతో పోల్చి చూసుకోండి. వానలో మీరు తడుస్తారా?" అన్నారు.

అక్కడే నాకు పేచీ వచ్చింది. నిలబడే కునుకు తీసే ప్రాణిని నాతో ఎలా పోల్చను? పశువుల డాక్టరు చెప్పిన లెక్క వేరు. బయటి వాతావరణానికి అలవాటుపడ్డ గుర్రానికి 5 నుంచి 25 డిగ్రీల దాకా ఒంటికి శ్రమే ఉండదట. కడుపు నిండా గడ్డి ఉంటే అంతకన్నా చలినీ ఓర్చుకుంటుంది. పెద్దపేగులో గడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి కుంపటి. జడివాన, ఈదరగాలి కలిసి వచ్చి వెంట్రుకలు ఒంటికి అంటుకుపోతేనే ఇబ్బంది. మరి మే నెలలో ఇక్కడ 40 దాటుతుందే! నా ఒంటితో కొలిస్తే చినుకు చూసి కంగారుపడతాను, ఎండను పట్టించుకోను. జాలి తప్పు చోట ఖర్చవుతుంది.

పంతులుగారు కాసేపు మాట్లాడలేదు. "మీ ఒళ్లు దానికి తొడగమని కాదండీ. నొప్పి దానికీ ఉందని తెలుసుకోమని" అన్నారు. అది ఒప్పుకున్నాను. ఆయన ఊరుకోక కౌటిల్యుణ్ని లాగారు. అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి ప్రకరణం ఉంది. గుర్రం ఎంత పొడుగో అంత చదరంగా గది, నేలకు చెక్కపలకలు, ఆ గది ముఖం తూర్పుకో ఉత్తరానికో, తోడుగా కోతులూ నెమళ్లూ. పిలిచిన క్షణాన యుద్ధానికి రావాలి గనక రాజు కట్టేసి ఉంచాడు, కట్టేశాడు గనకే అంత అమర్చాల్సొచ్చింది అన్నాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ పదకొండో సెక్షనులో తిండి, నీళ్ల సరసనే ఆశ్రయాన్ని చేర్చింది, తగినంత ఇవ్వకపోతే నేరమంది. ఆశ్రయమన్న చోట నేను నీడ అని చదువుకుంటాను. మన ఎండలకు ఆ మాటే నప్పుతుంది.

షెడ్డు వేయించాం. పన్నెండడుగుల చదరం. మూడువైపులా గోడ పెడతానన్నాడు మేస్త్రీ. పడమర, దక్షిణం చాలన్నాను. రేపు రెండో గుర్రం వచ్చి దీన్ని మూలకు నెట్టి తన్నబోతే తప్పుకోవడానికి దారుండాలి గదా. తలుపు లేదు, కట్టుగొయ్య అసలే లేదు. రేకులు మధ్యాహ్నానికి పెనంలా కాలుతున్నాయని పైన తాటికమ్మలు కప్పించాను. అమ్మ ఉంటే ఏమనేదో!

మే అంతా పొద్దెక్కినప్పటినుంచి ఎండ వాలేదాకా గుర్రం అందులోనే ఉంది. జూన్‌లో తొలి వాన పడిన సాయంత్రం మేమక్కడే ఉన్నాం. చినుకులు మొదలవగానే అది షెడ్డులోంచి బయటికొచ్చి, తీగ పక్కన గాలికి వీపు తిప్పి నిలబడింది. పెద్దాడు తల పట్టుకున్నాడు. "ఇంత ఖర్చు పెట్టించి..." అంటూ నా వైపు చూశాడు. బాకీ తీర్చినవాడు, ఆ డబ్బు ఎలా వాడుకుంటున్నావని అప్పిచ్చినవాడి వెంట పడతాడా? లెక్కల మాస్టారి కొడుకు, వాడికి ఇది అర్థం కావాలి.

పెద్దాడు కారులోకి పరిగెత్తాడు. నేను మోకాళ్లతో అంత దూరం పోలేక షెడ్డులో నిలబడ్డాను. గంటసేపు అది నన్నూ, నేను దాన్నీ చూస్తూ ఉన్నాం. తెల్లారి లద్దె ఎత్తడానికి చీపురుతో వెళితే లోపల ఏమీ లేదు, నా చెప్పుల మట్టి తప్ప.